జోలపాటకు దయ్యం పట్టించినవాళ్లు

ఆ మధ్యాహ్నం మా అక్క తన చంటి కొడుకును చీర ఉయ్యాలలో వేసి జోలపాట ఎత్తుకుంది. రెండో పాదం పూర్తి కాకముందే వాళ్ల అత్త వసారాలోంచి లేచి వచ్చి, అరచేత్తో అక్క నోరు మూసింది. కొట్టలేదు, కసరలేదు. గాలికి దీపం ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టినంత మామూలుగా మూసింది.

"ఆ పాట వద్దమ్మా. ఆ పాటకు పెద్దోడు వస్తాడు," అంది.

పెద్దోడు అంటే అక్క మొదటి కొడుకు. నాలుగేళ్లు నిండకముందే జ్వరంతో పోయాడు. నేను గడప పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. అత్త చెయ్యి తీసేదాకా ఆగి, ఆ తరవాత అక్క ఉయ్యాలను ఊరికే ఊపుతూ కూర్చుంది. పిల్లవాడు ఏడుస్తూనే ఉన్నాడు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గాలన్న కోరిక కూడా నాకు లేదు.

కాని కోపం ఎవరి మీదో ముందు తేల్చుకోవాలి. మార్కాపురంలో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను డిబేట్ పోటీలకు తిరిగాను. ఒక వాదనను ఖండించే ముందు అది ఎక్కడ పుట్టిందో వెతకాలని అక్కడ నేర్చుకున్నాను. అత్త అన్న మాట మా వైపు పాత నమ్మకమేమీ కాదు. పుల్లలచెరువు దగ్గరి అక్క అత్తగారి ఊళ్లో, అడవి అంచున గొర్రెలు కాసుకునే ఆ ఇళ్లలో, దయ్యాలకు కరువు లేదు. చింతచెట్టుకు ఒక దయ్యం, పాడుబడ్డ బావికి ఒక దయ్యం ఉన్నాయి. అయితే జోలపాటకు దయ్యం ఏనాడూ లేదు. అది ఒక సినిమాలోంచి వచ్చింది. అత్త చెయ్యి కూడా ఆ సినిమాలోంచే వచ్చింది.

ఆ సినిమా పేరు రాయను. రాస్తే అదీ ఒక ప్రచారమే అవుతుంది. అక్క రెండోసారి కడుపుతో ఉన్న రోజుల్లో, మా క్లాసు అమ్మాయిలతో కలిసి మార్కాపురంలోనే ఒక థియేటర్‌లో చూశాను. ఆ థియేటర్‌లో అప్పుడే కొత్త సౌండ్ సిస్టం పెట్టారు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద హీరో బొమ్మ కంటే స్పీకరు బొమ్మే పెద్దదిగా ఉంది. కథ చిన్నది. ఒక జంటకు కొడుకు నీళ్లలో పడి చనిపోతాడు. కొన్నాళ్లకు ఇంకో కొడుకు పుడతాడు. తల్లి పెద్దవాడికి పాడిన జోలపాటనే చిన్నవాడికి పాడుతుంది. పాట విని పెద్దవాడు వస్తాడు. వచ్చి, తమ్ముణ్ణి తనతో తీసుకుపోవాలని చూస్తాడు. చివరికి తండ్రి పరుగెత్తుకొచ్చి తల్లి నోరు గట్టిగా మూస్తాడు. పాట తెగిపోతుంది. పెద్దవాడి ఆత్మ వెలుగులో కలిసిపోతుంది. హాలంతా చప్పట్లు, ఈలలు.

ఇలాంటి కథలు చాలా వచ్చి ఉంటాయి. కథను నేను తప్పుపట్టను. నేను తప్పుపట్టేది సంగీతాన్ని. ఎందుకంటే ఆ పాట వరస మాది. మా వైపు ప్రతి ఇంట్లో పిల్లల్ని నిద్రపుచ్చే వరస అదే. మాటలు ఇంటింటికీ మారతాయి. మా అక్క పాడే మాటలు ఇవి:

మందలన్నీ దొడ్డికొచ్చె, మబ్బులన్నీ కొండకొచ్చె,
కంటిమీదికెందుకయ్యా కునుకు రాకపాయె,
తెల్ల గొర్రెపిల్ల నీకు తోడు పండుకుంటదంట.

మూడో పాదం పెద్దోడు పెట్టించింది. వాడికి మందలో ఒక తెల్లపిల్ల అంటే ప్రాణం. దాని మాట పాటలో లేకపోతే కళ్లు మూసేవాడు కాదు.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఒప్పుకుంటాను. సినిమాలో ఆ వరస మొదటిసారి వినిపించినప్పుడు చాలా బాగుంది. వాద్యాలు లేవు. ఒక ఆడమనిషి గొంతు, ఉయ్యాల కిర్రుమనే చప్పుడు, అంతే. నా పక్కనున్న అమ్మాయి కళ్లు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను. రెండోసారి ఆ వరసనే సగం వేగానికి తగ్గించారు. కింద ఏదో లోతైన మోత, చెవికంటే ముందు కుర్చీకి తెలిసేది. మూడోసారి పాట మూడో పాదం దగ్గర టక్కున ఆగింది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, మన తల వెనక ఉన్న స్పీకర్లలోంచి, ఒక పిల్లవాడు "అమ్మా" అన్నాడు. ముందు వరసల్లో చిన్నపిల్లలు కెవ్వుమన్నారు. ఆ తరవాత ఆ పాట ఎక్కడ మొదలైనా హాలు ముందే బిగుసుకునేది. రెండున్నర గంటల్లో ఆ సంగీత దర్శకుడు కొన్ని వందల మందికి ఒక పాఠం నేర్పించాడు: ఈ వరస వింటే భయపడాలి.

ఇంకొక మాట. ఆ సినిమాలో తండ్రికి కూడా దుఃఖం ఉంది. ఆయన డ్యాం కట్ట మీద ఒంటరిగా నిలబడితే వయొలిన్ వస్తుంది. నిండుగా, మర్యాదగా, ఆయన భుజం మీద చెయ్యి వేసినట్టు వస్తుంది. తల్లి దుఃఖానికి మాత్రం ఆ మోత, ఆ తెగిన పాట, తల వెనక ఆ పిలుపు. కొడుకు ఇద్దరిదీ, పోగొట్టుకున్నది ఇద్దరూ. సంగీతం మాత్రం తండ్రిని చూసి జాలిపడమంటుంది, తల్లిని చూసి జాగ్రత్తపడమంటుంది. ఈ మాట బయటికి వస్తూ అమ్మాయిలతో అంటే, "సినిమాకొచ్చి కూడా డిబేటేనా తల్లీ, సమోసా తిను," అన్నారు. తిన్నాను. అంతటితో మరిచిపోవలసిందే. కాని ఆ సినిమా నేను వెళ్లిన ప్రతి చోటికీ ముందే వెళ్లి కూర్చుంది.

మా ఇంట్లో దుఃఖం ఎలా వినిపించిందో కూడా చెప్పాలి. పెద్దోడికి జ్వరం ఎక్కువైన రోజు సెలవులకని నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. కారు మాట్లాడుకుని గుంటూరుకు బయలుదేరాం. వినుకొండ దాటకముందే వాడు పోయాడు. కారు వెనక్కి తిప్పారు. డ్రైవరు కంగారులో సీటుబెల్టు పెట్టుకోలేదు. అది పెట్టుకోమని కారు టింగు టింగుమని మోగుతూనే ఉంది. బావ ముందు సీట్లో ఉన్నాడు, నేను వెనక అక్క పక్కన ఉన్నాను, వాడు అక్క ఒళ్లో ఉన్నాడు. ఊరు వచ్చేదాకా ఆ మోత ఆపాలని ఎవరికీ తోచలేదు. నాకు తెలిసిన శోక సంగీతం అదొక్కటే. దాన్ని ఏ సినిమాలోనూ పెట్టరు. పెడితే జనం నవ్వుతారు.

ఆ తరవాత అక్క పాడటం మానేసింది. రెండోవాడు మార్కాపురంలో మా ఇంట్లో పుట్టాడు. పుట్టిన కొద్ది రోజులకు, ఎవరూ అడగకుండానే, ఒక పొద్దున ఆ పాట ఎత్తుకుంది. అవే మాటలు. తెల్ల గొర్రెపిల్ల దగ్గరకు వచ్చేసరికి మా అమ్మ వంటింట్లో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాయన పలకల ఫ్యాక్టరీకి పోబోతూ చెప్పులు వేసుకుని, పాట అయ్యేదాకా గుమ్మంలోనే ఆగి, అప్పుడు కదిలాడు. అక్క తిరిగి మాకు దొరికిందని ఆ రోజు అందరికీ తెలిసింది.

బిడ్డను చూడటానికి అత్త వచ్చింది. పక్కింట్లో ఏదో భోజనాలు జరుగుతుంటే, తిని పడేసిన విస్తళ్లు అడిగి తెప్పించి, వాటి మీద వాణ్ణి ఒకసారి దొర్లించింది. మా వైపు ఒక బిడ్డ పోయిన ఇంట్లో తరవాతి బిడ్డకు ఇలా చేస్తారు. వీడు ఎంగిలాకుల్లో దొరికినవాడు, ఎవరికీ అక్కరలేనివాడు, వీణ్ణి తీసుకుపోయి నువ్వేం చేసుకుంటావు అని చావును నమ్మించడానికి. ఈ ఆచారాన్ని నేను నమ్మను. కాని దానిమీద నాకు కోపం రాలేదు. అది చావుతో ఆడిన అబద్ధం. దానివల్ల ఇంట్లో ఎవరి నోరూ మూతపడలేదు.

బిడ్డకు అయిదో నెలలో అక్క అత్తగారింటికి పోయింది. ఆ నెలలోనే సినిమా టీవీలో వచ్చింది, ఊరంతా చూసింది. నేను సెలవు పెట్టుకుని సాయానికి వెళ్లేసరికి ఆ వరస ఫోన్లలోకి ఎక్కేసి ఉంది. నీళ్ల ట్యాంకరు తెచ్చే అతని రింగుటోను అదే. ట్యాంకరు ఆగగానే ఆడవాళ్లు బిందెలతో మూగేవారు, సరిగ్గా అప్పుడే ఫోను మోగేది.

"దయ్యం పిలుస్తాంది, ఎత్తన్నా," అని ఒకామె.

"దయ్యం గాదులే, ఆయన పెండ్లాం," అని ఇంకొకామె.

"ఇద్దరికీ తేడా ఏముంది వదినా? నాకు రెండు కాల్సూ భయమే," అని అతను. బిందెలు కింద పెట్టి మరీ నవ్వేవాళ్లు. అక్క మాత్రం బిందె ఎత్తుకుని వెనక్కి తిరిగేది. ఆ నవ్వుల్లో చెడ్డతనం లేదని నాకు తెలుసు. వాళ్లలో చాలామంది ఆ వరసతోనే పెరిగారు, ఆ వరసతోనే పెంచారు. తమ పాటను తామే దయ్యం పాట అనుకోవడం వాళ్లకు వింతగా కూడా తోచలేదు. దొంగతనం అంటే నా దృష్టిలో ఇది. వరస ఎత్తుకుపోవడం చిన్న నేరం. దాన్ని తిరిగి తెచ్చి, ఇది మీది కాదు, దయ్యానిది అని వాళ్ల చేతికే ఇవ్వడం పెద్ద నేరం.

అత్త అలా అక్క నోరు మూసిన రోజు సాయంత్రం ఆమెతో వాదనకు దిగాను. ఆమె చేటలో కందులు చెరుగుతోంది.

"అత్తా, అది సినిమా. ఆ పిల్లోడు చచ్చిపోలా. నటించి ఇంటికి పోయినాడు."

"ఆ మాత్రం తెల్వదా పాపా నాకు? సినిమా సినిమానే. పాట మనది గదా. మన పాట వాళ్లకెట్ల తెలిసినట్టు? యాడనో జరిగింటేనే గదా తీసింటారు."

"జరిగిందనేదానికి రుజువేంది?"

"జరగలేదనేదానికి ఏముంది?"

"లేనిదానికి రుజువు ఉండదత్తా. ఉందన్నోళ్లే చూపియ్యాల."

అత్త చేట కింద పెట్టింది. "ఎంగిలాకుల మీద దొర్లిచ్చి దాచిపెట్టినోడే వీడు. ఈ ఇంట్లో ఎవురూ లేరని చెప్పి దాచినోడు. ఇప్పుడు మీ అక్క కూచోని, అదే పాట పాడి, ఇదో ఈడున్నాడు రా అని దోవ చూపిస్తదా? నువ్వు చెప్పేదే నిజమనుకో. తప్పయిందనుకో. నీకేం పోతది? ఇంకో పోటీకి పోతావు. నాకు ఇంకో మనవడు యాడున్నాడు?"

తర్కంలో ఆమె తప్పని ఇప్పుడైనా నిరూపించగలను. కాని ఆమె కళ్లు ఉయ్యాల మీదే ఉన్నాయి. ఆమెకు అక్క మీద పగ లేదు. ఆమె కూడా పెద్దోణ్ణి చంకన వేసుకుని, అదే పాట పాడుతూ, మంద వెనక తిరిగిన మనిషి. ఆచారాన్నీ సినిమానూ ఆమె ఒకే ముడిలో కట్టింది, ఆ ముడి గట్టిగానే పడింది. పాత భయానికి ఒక దోవ లేదు, దిక్కు లేదు, అది ఇంట్లో ఎక్కడో ఒక మూల పడి ఉండేది. ఆ సినిమా దానికి ఒక వరస ఇచ్చింది. ఆ వరస ఎక్కడ పలికితే అక్కడికి భయం రావడం మొదలుపెట్టింది.

అప్పుడే గొర్రెల్ని దొడ్లోకి తోలి బావ వచ్చాడు. "ఏంది, మా లాయరమ్మ కేసు ఓడిపోయినట్టుందే," అన్నాడు.

"నువ్వన్నా చెప్పు బావా. నీ భార్య నీ కొడుక్కు పాట పాడుకోగూడదా?"

"ఆ పాటే ఎందుకు మరదలా? సెల్లులో కొడితే లక్ష జోలపాటలు. అమ్మ మనసు ఎందుకు కష్టపెట్టేది?"

ఆ మాట అనేసి కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. పెద్దోడు పోయాక బావ తెల్లవారకముందే మందతో అడవి దిక్కు పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. ఎవరూ ఏమీ అనరు. పాపం, దుఃఖాన్ని అట్లా మరిచిపోతున్నాడంటారు. అక్క చేసిందల్లా ఉయ్యాల పక్కన పాడటం. దానికి కాపలా కావలసి వచ్చింది. ఆ డ్యాం కట్ట మీది వయొలిన్ నాకు ఆ క్షణాన మళ్లీ వినిపించింది, పళ్లు కొరుక్కున్నాను.

మర్నాడు నాకొక ఉపాయం తోచింది. నా మాట నమ్మకపోతే పాట తయారుచేసినవాడి మాటే వినిపిద్దాం అనుకున్నాను. ఆ సంగీత దర్శకుడి ఇంటర్వ్యూ ఫోన్‌లో వెతికి పట్టాను. మొదట్లో అంతా నాకు కావలసినట్టే ఉంది. కంప్యూటరు ముందు కూర్చుని ఆ మోతను ఎలా పుట్టించాడో మీటలు నొక్కి చూపించాడు. "అమ్మా" అన్నది పిల్లవాడు కూడా కాదట, డబ్బింగ్ చెప్పే ఒక పెద్దావిడ. అత్తను, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. అత్త శ్రద్ధగా చూసింది. "ఇంత ముసలామెనా," అని నవ్వింది కూడా. నేను గెలిచాననుకున్నాను.

అప్పుడు యాంకరు అడిగింది, రికార్డింగ్‌లో ఏమైనా వింత అనుభవాలు జరిగాయా అని. ఆయన కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, గొంతు తగ్గించి చెప్పాడు. మూడో పాదం రికార్డు చేస్తుంటే స్టూడియోలో కరెంటు పోయిందట. చీకట్లో ఎవరో చిన్నపిల్లవాడు నవ్వినట్టు అందరికీ వినిపించిందట. ఆ రోజు నుంచి ఆ పాటను తాను ఇంట్లో పాడనని, పాడనివ్వనని అన్నాడు. వెనక అదే మోత వేశారు. యాంకరు చేతులు రుద్దుకుని, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని చూపించింది.

అత్త నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో గెలుపు లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "చూస్తివా పాపా? పాట కట్టినాయనే ఇంట్లో పాడనీడంట," అంది.

కరెంటు పోవడం గురించి ఆ ఊళ్లో ఎవరికీ పాఠాలు అక్కర్లేదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, ఫ్యాను ఆగుతుంది, చచ్చిన పిల్లలు నవ్వరు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. ఆయన చెప్పింది టికెట్లు అమ్ముకోవడానికి చెప్పిన అబద్ధం. ఆ అబద్ధం చెప్పేటప్పుడు ఆయన ఎదురుగా ఒక యాంకరు, రెండు కెమెరాలు మాత్రమే ఉన్నాయి. పుల్లలచెరువు దగ్గర ఒక వసారాలో, కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి, ఆ కొడుకును తలుచుకోవడానికి తనకు మిగిలిన ఒకే ఒక దారి ఆ పాట అని తెలిసి, ఆ మాట వింటుందని ఆయనకు తోచలేదు. తోచినా చెప్పేవాడే అని నా అభియోగం. ఆ వీడియో కింద ఈ మాటలన్నీ మర్యాద తప్పకుండా, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసి పెట్టాను. కాసేపటికి ఆ చానెల్ వాళ్లు నా వ్యాఖ్యకు ఒక ఎర్ర గుండె బొమ్మ పెట్టారు. కింద ఇంకెవరో, "అక్కా నీకు సినిమా బాగా కనెక్ట్ అయింది," అని రాశారు.

తరవాతి రోజుల్లో అక్క పిల్లవాణ్ణి మాట లేకుండా నిద్రపుచ్చింది. వాడు ఉయ్యాలలోంచి ఆమె నోటివైపే చూసేవాడు. మార్కాపురంలో విన్న పాట ఇక్కడెందుకు లేదో వాడికేం తెలుసు. ఏడ్చి ఏడ్చి అలసి పడుకునేవాడు. అక్క క్రమంగా మాతో కూడా మాట్లాడటం తగ్గించింది. కూర బాగుందా అంటే తల ఊపేది. పెద్దోడు పోయిన ఏడాది కూడా ఇలాగే మొదలైంది, నాకు గుర్తుంది.

"నాతో మార్కాపురం రా. అక్కడ నీ ఇష్టం వచ్చినంత పాడుకో," అన్నాను. అక్క ఉతికిన బట్టలు దండెం మీద ఆరేస్తోంది. అత్త పక్కనే నులకమంచం మీద పిల్లవాడి కాళ్లకు నూనె రాస్తోంది.

"ఆడ పాడితే ఈడ పాడినట్టా?" అంది అక్క. "పెద్దోడు తిరిగింది ఈడ."

"మరి ఈడ పాడనియ్యరు గదనే."

అక్క చేతిలోని బట్టను మళ్లీ బకెట్లో వేసింది. నాకు చెప్పలేదు, అత్తకు చెప్పింది. గొంతు పెంచలేదు.

"అత్తా, పాడితే వాడు వస్తాడని నీకు భయం. రాడని నాకు తెలుసు. వచ్చేటోడే అయితే, ఆ కార్లో ఆడి నుంచి ఈడిదాకా పిలిచినా గదా, అప్పుడు వచ్చేటోడు. పాడె కట్టేటప్పుడు పిలిచినా. దినాలనాడు పిలిచినా. అంత పిలిస్తే రానోడు పాటకు వస్తాడా?"

అత్త నూనె రాయడం ఆపింది. నేను పేర్చిన వాదనలన్నీ ఆ నాలుగు మాటల పక్కన చేటలోని తాలులాగా ఎగిరిపోయాయి. దొడ్లో ఒక మేక కంచెకు వీపు రుద్దుకుంటోంది.

"అట్లయితే పిల్లోడు ఉయ్యాలలో వద్దు. నా ఒళ్లో ఉంటాడు," అంది అత్త చివరికి. "నువ్వు ఆడ కూచోని పాడుకో."

అక్క ఉయ్యాల పక్కన కూర్చుంది. ఉయ్యాల ఖాళీగా ఉంది. అత్త మంచం మీద పిల్లవాణ్ణి రెండు చేతులతో పొట్టకు అదుముకుని, గోడకు ఆనుకుంది. ఇది న్యాయమైన తీర్పు కాదని నాకు తెలుసు. తన బిడ్డకు పాడుకోవడానికి ఒక తల్లి బిడ్డకు అంత దూరంలో కూర్చోవలసి రావడం ఏ లెక్కన చూసినా ఓటమే. నేను ఆ మాట అనబోతుంటే అక్క నన్ను చూసింది.

అక్క పాడింది. మందలు దొడ్డికొచ్చాయి, మబ్బులు కొండకొచ్చాయి. చాలా రోజులు పాడక గొంతు జీరపోయింది. రెండో పాదం చివర ఊపిరి చాలలేదు. మూడో పాదానికి ముందు ఆగింది.

ఆ ఆగిన చోట అత్త తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. ఏ దయ్యాన్నీ నమ్మని నేను, ఆ "అమ్మా" అన్నది ఒక ముసలావిడని రుజువుతో సహా తెలిసిన నేను, మెడ తిప్పి తలుపు వైపు చూశాను. రెండున్నర గంటలు నా చెవిలో కూర్చున్న ఆ సంగీత దర్శకుడు ఇంకా లేచిపోలేదు. ఎండ పడ్డ ఖాళీ గుమ్మం, దాని అవతల ట్యాంకరు తడిపిన మట్టి. అంతకంటే ఏమీ లేదు. నా జీవితంలో నా మీద నాకు, ఆ సినిమా మీద నాకు, అంత కోపం ఎప్పుడూ రాలేదు.

అక్క మాత్రం తలుపు వైపు చూడలేదు. ఊపిరి తీసుకుని, తెల్ల గొర్రెపిల్ల మాట పాడి, పాట ముగించింది. అత్త ఒళ్లో పిల్లవాడు కళ్లు పెద్దవి చేసుకుని అక్క వైపే చూస్తున్నాడు.

అత్త వాడి ముఖంలోకి వంగి చూసింది.

"ఇంకా పండుకోలా," అంది. "ఇంగోసారి పాడు."